యిర్మీయా చంకల కింద పాతబట్టలు



ప్రవక్తల ధైర్యం గురించి మన సంఘాల్లో ప్రసంగాలకు కొదువ లేదు. సింహాల గుహలో దానియేలు, కర్మెలు కొండ మీద ఏలీయా, ఫరో ఎదుట మోషే - ఈ కథలు ఆదివారపు బడి పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. సంతోషమే. అయితే ఆ కథల్లోని ధైర్యాన్ని మనవాళ్ళు కొందరు ఎక్కడ వాడుతున్నారో చూస్తే మాకు భయమేస్తుంది. మైపాడు చుట్టుపక్కల పల్లెలకు వైద్య శిబిరానికి వెళ్ళినప్పుడు రెండు మాటలు తరచుగా మా చెవిన పడుతుంటాయి. "దేవుణ్ణి నమ్ముకున్నాం, ప్రార్థన చేయించుకున్నాం, ఇంక బిళ్ళలెందుకమ్మా" అనేది ఒకటి. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని తెలిసి కూడా "సముద్రం మాకేమన్నా కొత్తా సిస్టరమ్మా, పైన ఆయనున్నాడు గదా" అని వల పడవలో వేసుకోవడం రెండోది. దానియేలును సింహాలు ముట్టలేదు, మమ్మల్ని తుఫాను ఏం చేస్తుంది అన్న లెక్క అది.

ఆ లెక్క తప్పని మా అభిప్రాయం. దానియేలు సింహాలను చూసి వద్దామని గుహలోకి దిగలేదు. ప్రార్థన మానను అన్నాడు, పట్టుకుపోయి పడేశారు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుప్రభువుతో చెప్పింది ఎవరో మీకు తెలుసు. ప్రభువు దూకలేదు. దేవుని మాట విన్నందుకు అపాయం మన మీదికి రావడం వేరు. అపాయాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, దానికి విశ్వాసమని పేరు పెట్టడం వేరు.

ఈ తేడా బాగా తెలియాలంటే యిర్మీయా గ్రంథంలో 36 నుంచి 39 వరకు నాలుగు అధ్యాయాలు ఒక సాయంత్రం కూర్చుని వరసగా చదవండి. ఆసుపత్రి మంచం మీద ఉన్నవారికి ఎలాగూ తీరిక ఉంటుంది. అంత పెద్ద గ్రంథం అంటే మనవాళ్ళు వెనకాడతారు గాని, ఈ నాలుగూ కథలాగే సాగిపోతాయి.

యిర్మీయా యెరూషలేముకు ఈశాన్యాన ఉన్న అనాతోతు అనే ఊరివాడు, యాజకుల ఇంటి బిడ్డ. క్రీ.పూ. 627 ప్రాంతంలో పిలుపు అందుకున్నప్పుడు నేను చిన్నవాణ్ణి, నాకు మాట్లాడడం రాదు అని వెనక్కి తగ్గాడు. అక్కడి నుంచి సుమారు నలభై ఏళ్ళు, క్రీ.పూ. 586లో యెరూషలేము కూలేదాకా, ఎవరికీ ఇష్టం లేని మాట చెప్పడమే ఆయన పని. మీ తప్పు ముదిరింది, బబులోను సైన్యం వస్తోంది, ఎదురు తిరిగితే చస్తారు, లొంగితే బతుకుతారు. ఇదీ సందేశం. సొంత దేశపు రాజుతో, యుద్ధం జరుగుతుండగా, ఈ మాట చెప్పడం అంటే ఏమిటో ఊహించండి. దేశద్రోహి అన్నారు. కొట్టి బొండలో బిగించారు. సొంత ఊరివాళ్ళే చంపుతామన్నారు. ఇదే మాట చెప్పిన ఊరియా అనే ఇంకో ప్రవక్త ఐగుప్తుకు పారిపోతే, అక్కడి నుంచి పట్టి తెచ్చి రాజు చంపించాడు. అంటే యిర్మీయాకు తన మెడ మీద కత్తి ఉన్నదని బాగా తెలుసు. యెహోయాకీము రాజు శీతకాలపు మేడలో కుంపటి ముందు కూర్చుని, యిర్మీయా చెప్పి రాయించిన చుట్టను చదువుతుండగానే చాకుతో కోసి కోసి నిప్పుల్లో వేశాడు. ప్రవక్త బారూకును పిలిచి మళ్ళీ మొదటి నుంచి రాయించాడు, ఇంకొన్ని మాటలు చేర్చి మరీ.

ఇంత ధైర్యవంతుడు, కానీ ప్రాణమంటే లెక్కలేనివాడు కాదు. ఇది మీరు గమనించాలి. యోనాతాను ఇంటి చెరసాల గోతిలో చాలా రోజులు పెట్టిన తర్వాత సిద్కియా రాజు రహస్యంగా పిలిపించి, దేవుని దగ్గర నుంచి మాట ఏమైనా ఉందా అని అడిగాడు. ఉంది, నువ్వు బబులోను రాజు చేతికి చిక్కుతావు అని యిర్మీయా సూటిగా చెప్పేశాడు. చెప్పి, వెంటనే ఒక మనవి చేసుకున్నాడు: నన్ను ఆ ఇంటికి తిరిగి పంపకు, అక్కడైతే చచ్చిపోతాను. రాజు ఒప్పుకొని బందీగృహ ఆవరణంలో ఉంచి, పట్టణంలో రొట్టెలున్నంత కాలం రొట్టెలవాళ్ళ వీధి నుంచి రోజుకొక రొట్టె ఇప్పించాడు. ప్రవక్త ఆ రొట్టె తిన్నాడు. దేవుడే పోషిస్తాడులే అని తిప్పి పంపలేదు. సందేశంలో ఒక్క మాట తగ్గించలేదు, శరీరానికి కావలసింది అడగడానికి సిగ్గుపడలేదు. బిళ్ళలు మానేసిన సోదరులు ఈ రొట్టె గురించి కాస్త ఆలోచించాలి.

ఇక సిద్కియా సంగతి. ఆయన చెడ్డవాడి కంటే ఎక్కువగా భయస్థుడు. చివరిసారి మాట్లాడుకున్నప్పుడు లొంగిపోతే పట్టణం కాలదు, నువ్వూ నీ ఇంటివాళ్ళూ బతుకుతారు అని యిర్మీయా బతిమాలాడు. రాజు చెప్పిన అడ్డంకి ఏమిటో తెలుసా? ఇదివరకే లొంగిపోయిన యూదులు తనను ఎగతాళి చేస్తారేమోనని! పట్టణం తగలబడబోతుంటే ఆయనకు నలుగురి నవ్వు అడ్డం వచ్చింది. ఆ భయంతోనే ఆగిపోయి చివరకు కొడుకులను పోగొట్టుకున్నాడు, కళ్ళు పోగొట్టుకున్నాడు.

మా వార్డుల్లో సిద్కియాలు చాలామంది ఉన్నారు. క్షయ ఉందని తెలిస్తే వీధిలో ఏమనుకుంటారో అని నెల్లూరు దాకా పోయి మందు తెచ్చుకునేవారు, అదీ రెండు నెలలకే మానేసేవారు. క్షయకు మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు వస్తుంది. బాగైపోయాను అనిపిస్తుంది. కానీ లోపల మొండి క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. అందుకే మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు వాడమంటాం. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారు కావచ్చు. తర్వాత ఇంట్లో పసిపిల్లలకు అంటుకునేది ఆ మొండి క్రిమే. షుగరు ఉన్న మత్స్యకారుల సంగతి ఇంకో రకం. కాలికి స్పర్శ తగ్గి ఇసుకలో గవ్వ గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే చెప్పుకోవడానికి నామోషీ. పసుపు అద్ది గుడ్డ చుట్టి సముద్రం మీదికి వెళ్ళిపోతారు.

పుండు అంటే గుర్తొచ్చింది. యిర్మీయా తన కాలపు ప్రవక్తలను, యాజకులను తిట్టిన తిట్టు ఒకటి నర్సులకు వెంటనే అర్థమవుతుంది. ప్రజల గాయాన్ని వీళ్ళు పైపైన మాన్పుతున్నారు, క్షేమం లేకపోయినా క్షేమం అంటున్నారు అని ఆయన ఆక్రోశం. పైన తోలు మూసుకొని లోపల చీము ఉన్న పుండును మీలో చాలామంది చూసే ఉంటారు. పైకి మానినట్టే ఉంటుంది. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంటుంది, రాత్రికి జ్వరం వస్తుంది. అప్పుడు డాక్టరుగారు దాన్ని మళ్ళీ తెరిచి, చీము తీసి, అడుగు నుంచి మానేటట్టు గాజుగుడ్డ పెడతారు. రోజూ ఆ కట్టు మార్చేటప్పుడు రోగి మమ్మల్ని తిట్టుకుంటాడు. తిట్టుకోనీయండి. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది అని జనానికి తియ్యగా చెప్పి, యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరిచేశాడు. జనానికి హనన్యానే నచ్చి ఉంటాడు. రెండు రోజుల్లో ఇంటికి పంపించేస్తారు అని చెప్పే నర్సు అందరికీ నచ్చినట్టే.

తుఫాను హెచ్చరికదీ ఇదే కథ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది, సుమారు పదివేల మంది పోయారు. మన జిల్లాకు 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుఫాను ఉంది, పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. హెచ్చరిక విని కదిలితే ఏమవుతుందో చూడాలంటే ఒరిస్సా వైపు చూడండి. అక్కడ 1999 మహాతుఫానులో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013లో పైలిన్ వచ్చినప్పుడు సుమారు పది లక్షల మందిని ముందుగానే తరలించారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. మనకున్న చిక్కు ఏమిటంటే, హెచ్చరించిన తుఫాను ఒక్కోసారి దారి మళ్ళి ఇంకెక్కడో దాటుతుంది. "పోయినసారి కూడా ఇట్లాగే చెప్పారు, ఏం గాలేదు" అని మరుసటిసారి నవ్వుతారు. యిర్మీయాను కూడా దినమంతా నవ్వులపాలు చేశారు. అలిగి, ఇక ఆయన పేరు ఎత్తను అనుకొని కూడా, ఎముకల్లో నిప్పు మూసిపెట్టినట్టుందని మళ్ళీ నోరు తెరిచాడు. తీరంలో పడవ మీద పెద్దవాడై ఉండి "ఈ రోజు వద్దురా" అని మొదట అనేవాడిని పిరికివాడని ఎగతాళి చేసే అలవాటు మన పల్లెల్లో పోవాలి. ఒక రోజు వేట పోతే ఇంట్లో పొయ్యి వెలగని కుటుంబాలున్నాయని మాకు తెలుసు. అందుకే ఆ మాట అనడానికి గుండె కావాలి అంటున్నాం. అటువంటి రోజుల్లో ఆ ఇళ్ళకు బియ్యం చేర్చడం సంఘం పని.

మన ప్రాంతపు సంఘ చరిత్రలోనూ ఈ రకం ధైర్యమే కనబడుతుంది. 1840లో నెల్లూరులో మొదలైన బాప్తిస్టు మిషను, ఫలితం లేదని 1853లో అమెరికాలో దాదాపు మూసేయబోయారు. జ్యూయెట్ దొరగారు వదలలేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థించిన సంగతి మీరు ఎరుగుదురు. ఆ కొండ గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటాం. యర్రగుంట్ల పేరయ్యగారి గురించి అంతగా చెప్పుకోం, అది మాకు నచ్చదు. ఆయన తాళ్ళకొండపాడు మాదిగపల్లెవాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఆయన మాట విని ప్రభువును నమ్మినవారు మూడు పనులు మానుకోవాలని నిశ్చయించుకున్నారు: విగ్రహాలకు మొక్కడం, ఆదివారం పని చేయడం, చచ్చిన పశువు మాంసం తినడం. పెద్ద గొడవ చేయలేదు, ఎవరినీ తిట్టలేదు. ఈ మూడూ మేము చేయం అన్నారు, అంతే. దానికి ఊళ్ళో కూలి ఆపేశారు, బావి దగ్గరికి రానీయలేదు, కొట్టారు. అపాయం వాళ్ళ గడపకు అలా వచ్చింది, వాళ్ళు వెతుక్కోలేదు. (చచ్చిన గొడ్డు మాంసం మానడం ఒంటికి ఎంత మేలు చేసి ఉంటుందో నర్సులుగా మేము వేరే చెప్పనక్కరలేదు.)

తర్వాత 1876-78 కరువు. క్లౌ దొరగారు ప్రార్థించండి, మన్నా కురుస్తుంది అని చెప్పి ఊరుకోలేదు. మన నెల్లూరికీ సముద్రానికీ నడుమ పారే బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారి చేతికి పార ఇచ్చారు. కలరా తగిలినా శిబిరం వదిలి పోలేదు. ఇంకో సంగతి మాకు ఇంకా గొప్పగా తోస్తుంది. సహాయం పంచుతున్న ఆ నెలలన్నీ బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. బియ్యం కోసం చెప్పే 'అవును'ను ఆయన లెక్కలో రాసుకోదలచలేదు. పేర్లు రాసి అమెరికాకు పంపితే ఎంత మెప్పు వచ్చేదో! సహాయం ఆగిపోయిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పైపైన మాన్పకపోవడం అంటే ఇదే.

ఇక మేము మొదటి నుంచి చెప్పాలనుకుంటున్న పాతబట్టల దగ్గరికి వద్దాం.

యిర్మీయా మాటలతో సైనికుల చేతులు బలహీనమవుతున్నాయని అధిపతులు రాజు దగ్గర మొర పెట్టుకున్నారు. వాడు మీ వశం అని రాజు చేతులు దులుపుకున్నాడు. వాళ్ళు ప్రవక్తను తాళ్ళతో మల్కీయా గోతిలోకి దించారు. నీళ్ళు లేవు, బురద. ఆయన అందులో దిగబడిపోయాడు. రాజనగరులో ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు పని చేసేవాడు, పరదేశి. ఆ పేరుకు రాజు సేవకుడు అని అర్థం, బహుశా అతని అసలు పేరు ఎవరూ అడిగి ఉండరు. అతను నగరు విడిచి, గుమ్మం దగ్గర అందరి ముందూ కూర్చున్న రాజు వద్దకు పోయి, వీళ్ళు చేసింది అన్యాయం, అతను ఆకలితో చస్తాడు అని చెప్పాడు. ముప్పైమందిని తీసుకుపొమ్మని రాజు సెలవిచ్చాడు. అప్పుడు ఎబెద్మెలెకు నేరుగా గోతి దగ్గరికి పరుగెత్తలేదు. ముందు ఖజానా కింద ఉన్న గదికి వెళ్ళి చిరిగిన పాతబట్టలు, చింకిగుడ్డలు ఏరుకొచ్చాడు. వాటిని తాళ్ళతో గోతిలోకి దించి, వీటిని నీ చంకల కింద, తాళ్ళకు అడ్డంగా పెట్టుకో అని పైనుంచి చెప్పాడు.

మా నర్సుల కళ్ళు ఎక్కడ పడాలో అక్కడే పడతాయి మరి. రోజుల తరబడి తడి బురదలో ఉన్న మనిషి తోలు నానిపోయి మెత్తబడి ఉంటుంది. తిండి లేక కండ కరిగి ఉంటుంది. బురద కిందికి పట్టి లాగుతుంటే పైనుంచి తాడు లాగితే బరువంతా చంకల మీదే పడుతుంది. తోలు ఊడుతుంది. చంక గుండా చేతికి వెళ్ళే నరాలు నలిగితే చెయ్యి పడిపోవచ్చు కూడా. ఎముక విరిగినవారికి చంకకర్రలు ఇచ్చినప్పుడు మేము వెంటపడి చెప్పేది ఇందుకే. బరువు అరచేతుల మీద వేయాలి, చంకకూ కర్రకూ మధ్య రెండుమూడు వేళ్ళ సందు ఉండాలి, చంక మీద వేలాడకూడదు. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించేది, మడమల కింద మెత్త పెట్టేది కూడా ఇలాంటి ఒత్తిడి తప్పించడానికే. దించినవాళ్ళ చేతిలోనూ తాళ్ళే, లాగినవాడి చేతిలోనూ తాళ్ళే. మధ్యలో గుడ్డ ఉందా లేదా అన్నదే తేడా.

జబ్బు పేరు చెప్పే దగ్గర మాకు ఈ సంగతి ప్రతిరోజూ పనికొస్తుంది. "మా నాయనకు క్యాన్సరని చెప్పొద్దమ్మా, గుండె ఆగిపోతాది" అని కొడుకులు వరండాలో మా చేతులు పట్టుకుంటారు. వాళ్ళ ప్రేమను మేము శంకించం. కానీ ఆ నాయనకు ఏదో ఉందని అప్పటికే తెలుసు. భార్య ఏడ్చి వచ్చిన కళ్ళు ఆయన చూస్తూనే ఉన్నాడు. తెలిసి, అడిగేవాడు లేక, ఒంటరిగా గోతిలో కూర్చుని ఉన్నాడు. పొలం ఎవరి పేర రాయాలో, ఏ కూతురిని పిలిపించుకోవాలో, ఎవరితో సమాధానపడాలో ఆయనకు అవకాశం ఇవ్వకుండా క్షేమం, క్షేమం అంటున్నాం. అట్లాగని పదిమంది వినేట్టు వార్డు మధ్యలో నిలబడి జబ్బు పేరు విసిరేయడం అధిపతుల పద్ధతి, గుడ్డ లేని తాడు. ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు అడగాలి. పక్కన కూర్చోవాలి. ఆయనకు ఇష్టమైన మనిషి ఒకరు దగ్గరుండాలి. ఒక మాట చెప్పి ఆగాలి. నొప్పి తెలియకుండా చేసే మందులున్నాయని, వదిలిపెట్టమని కూడా చెప్పాలి.

అందరికీ చెప్పవలసినవి, చెప్పకూడనివి కూడా ఉంటాయి. రాజుతో రహస్యంగా ఏం మాట్లాడావని అధిపతులు వచ్చి నిలదీసినప్పుడు యిర్మీయా తాను చేసుకున్న మనవి గురించి మాత్రమే చెప్పాడు, మిగతాది కడుపులో పెట్టుకున్నాడు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరం వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని మన దేశంలో 2018 సెప్టెంబరు నుంచి చట్టమే అమలులో ఉంది. వార్డులో పక్క మంచం వాళ్ళకు ఏం జబ్బని మమ్మల్ని అడిగేవారు దయచేసి అడగవద్దు. మేము చెప్పం.

వచ్చే శిబిరానికి మైపాడు, చుట్టుపక్కల పల్లెలవారు మీ మందుల చీటీలు, వాడుతున్న బిళ్ళల అట్టలు తెచ్చుకోండి. మధ్యలో మానేసినవి ఉంటే వాటినీ దాచకుండా తీసుకురండి. ఎప్పటి నుంచి మానేశారో ఉన్నదున్నట్టు చెప్పండి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరుగారు చూసి చెబుతారు. మేము కోప్పడం. షుగరు ఉన్నవారు రాగానే చెప్పులు విప్పి బల్ల మీద కూర్చోండి, ముందు మీ పాదాలు చూస్తాం.